ఇంట్లో సాకెట్ సర్వర్, బయట అద్దె సర్వర్, మధ్యలో వైర్‌గార్డ్: రెండేళ్లకు పైగా వాడాక

గాజువాకలో మా బావకి హార్డ్‌వేర్ షాపు ఉంది. దాని సరుకు లెక్కంతా అక్కయ్యపాలెంలో మా ఇంటి డెస్క్‌టాప్ మీద నడుస్తుంది. పైథాన్‌లో రాసిన చిన్న టీసీపీ సర్వర్, అంటే నెట్ మీద కనెక్షన్ (సాకెట్) తెరిచి మాట్లాడుకునే ప్రోగ్రాం. అది వినే తలుపు నంబర్, అంటే పోర్ట్, 9000. షాపులో బిల్లు కొట్టగానే ఇక్కడ లెక్క మారాలి. ఇంటి వైఫైలో ఇది సులువే. గాజువాక నుంచి అందుకోవడం దగ్గరే తిప్పలు.

ఎవరినడిగినా ముందు పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు, అంటే బయటి నుంచి వచ్చిన కనెక్షన్‌ని రౌటర్ లోపలి కంప్యూటర్‌కి పంపేలా రూల్ రాయడం. దానికి ముందు రౌటర్ పేజీలో వాన్ ఐపీ (నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపల ఉంటే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే. ఈ అడ్రస్‌లను 2012లో ఇందుకోసమే కేటాయించారు. ఐపీవీ4 అడ్రస్‌లు చాలక చాలా ఇళ్లకు కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఇస్తారు. బయటి నుంచి వచ్చిన కనెక్షన్ మీ రౌటర్ దాకా రానే రాదు. ఇక అక్కడ ఎన్ని రూల్స్ రాసినా, డైనమిక్ డీఎన్‌ఎస్ (మారే ఐపీకి మారని పేరు) పెట్టినా దండగే. మా కనెక్షన్ అలాంటిదే. స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ అడ్రస్) కావాలంటే బిజినెస్ ప్లాన్‌కి మారమన్నారు. ఆ రేటు విన్నాక నమస్కారం పెట్టేశాను. అడ్రస్‌ల కొరత లేని కొత్త పద్ధతి ఐపీవీ6 మా ఇంట్లో ఉంది, షాపులో లేదు. కాబట్టి అదీ కుదరలేదు.

చివరికి నిలబడింది ఇది: పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న లినక్స్ సర్వర్ అద్దెకు తీసుకుని, ఇంటి నుంచి దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో టన్నెల్ (రెండు కంప్యూటర్ల మధ్య భద్రమైన సొంత దారి) వేయడం. బయటికి వెళ్లే కనెక్షన్‌ని సీజీనాట్ ఆపదు కదా, ఆ దారినే వెనక్కి వాడుకుంటున్నాం. నెలకు ఓ నాలుగైదు వందల ఖర్చు.

మొదట్లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) రివర్స్ టన్నెల్‌తోనూ నడిపాను. పెట్టడం తేలిక, నిలబెట్టడం కష్టం. ఇంట్లో నెట్ పోయి వస్తే, అద్దె సర్వర్‌లో పాత సెషన్ ఇంకా పోర్ట్ పట్టుకునే ఉంటుంది, కొత్తదానికి చోటివ్వదు. అవతలివాళ్లు ఇంకా ఉన్నారా అని సర్వర్ మధ్యమధ్యలో అడిగే క్లయింట్ అలైవ్ ఇంటర్వెల్ సెట్టింగ్ పెడితే కొంత నయం. వైర్‌గార్డ్‌లో ఆ గొడవ లేదు. రౌటర్ రీస్టార్ట్ అయి ఐపీ మారినా టన్నెల్ తనంతట తానే కలుస్తుంది. లోపలి అడ్రస్‌లు మారవు కాబట్టి కాసేపు నెట్ పోయినా సాకెట్ తెగదు. ఇంటి వైపు కాన్ఫిగ్‌లో పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ (పని లేకపోయినా పంపే చిన్న పలకరింపు) 25 సెకన్లు పెట్టడం మాత్రం మరవకండి. అది లేకపోతే కాసేపు డేటా నడవకపోతే నాట్ (మధ్యలో అడ్రస్‌లు మార్చి పంపే రౌటర్ ఏర్పాటు) ఆ దారి మూసేస్తుంది.

సెటప్‌లో చాలామంది ఇరుక్కునే చోటు ఒకటుంది. అద్దె సర్వర్‌లో ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చేసి, ఐపీటేబుల్స్‌లో (లినక్స్ ఫైర్‌వాల్) డీనాట్, అంటే వచ్చిన ప్యాకెట్‌ని ఇంటి అడ్రస్‌కి మళ్లించే రూల్, రాస్తే సరిపోదు. మాస్కరేడ్ కూడా ఉండాలి, అంటే ప్యాకెట్ అద్దె సర్వర్ నుంచే వచ్చినట్టు పంపినవాళ్ల అడ్రస్ మార్చే రూల్. లేకపోతే ముక్కూమొహం తెలీని అడ్రస్ నుంచి వచ్చిన ప్యాకెట్‌ని ఇంటి వైపు వైర్‌గార్డ్ పారేస్తుంది. మాస్కరేడ్ పెడితే లాగ్‌లో అందరూ ఒకే ఐపీతో కనిపిస్తారు. అది నాకు నచ్చని విషయం.

ఇక కరెంటు. ఇంటి కంప్యూటర్ ఠక్కున ఆగిపోతే షాపులోని ప్రోగ్రాంకి ఆ సంగతి తెలీదు. డేటా కోసం అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. బావ ఫోన్ చేస్తాడు: "ఏటిరా, లెక్క కదలట్లేదు?" ఇందులో వైర్‌గార్డ్ తప్పేం లేదు, టీసీపీ తీరే అంత. టీసీపీకి సొంతంగా ఉన్న కీప్‌అలైవ్ ఆన్ చేసినా మామూలు సెట్టింగ్‌లో మొదటి పలకరింపు రెండు గంటల తర్వాతే. అందుకే ప్రోగ్రాంలోనే 20 సెకన్లకోసారి చిన్న పింగ్ పంపుకుంటున్నాం. జవాబు రాకపోతే సాకెట్ మూసి మళ్లీ కలుపుతుంది. బిల్లు అందిందో లేదో అనుమానం వస్తే అదే నంబర్‌తో మళ్లీ పంపుతుంది. ఆ నంబర్ ముందే ఉంటే సర్వర్ రెండోసారి లెక్కలో వేయదు. ఇది లేకుండా షాపు లెక్కలు నెట్ మీద పెట్టొద్దు, టెన్షన్ తట్టుకోలేరు. బయోస్‌లో కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టుకోండి. ఫైబర్ డబ్బాకీ రౌటర్‌కీ చిన్న యూపీఎస్ ఉంటే మరీ మంచిది.

పబ్లిక్ పోర్ట్ తెరిచిన కొద్దిసేపటికే ఎవరెవరో తలుపు తట్టడం మొదలుపెడతారు. మా సర్వర్ వెబ్‌సైట్ అనుకుని హెచ్‌టీటీపీ రిక్వెస్టులు పంపిన బాట్‌లే ఎక్కువ. అందుకని షాపు కంప్యూటర్‌ని కూడా వైర్‌గార్డ్‌లో చేర్చి, 9000 పోర్ట్‌ని బయటికి మూసేశాను. మాస్కరేడ్ గోల కూడా దాంతో పోయింది. ఇంటి ప్రోగ్రాం 0.0.0.0 (కంప్యూటర్‌కున్న అన్ని అడ్రస్‌లు) మీద కాకుండా వైర్‌గార్డ్ అడ్రస్ మీదే వింటుంది.

లినక్స్ కమాండ్లు కొట్టే ఓపిక లేనివాళ్లు టెయిల్‌స్కేల్ చూడొచ్చు. లోపల అదీ వైర్‌గార్డే, అద్దె సర్వర్ అక్కర్లేదు. కాకపోతే రెండు వైపులా అది ఇన్‌స్టాల్ చేయాలి. గేమ్ సర్వర్‌లాగా తెలీనివాళ్లు కూడా వచ్చి కలవాలంటే అద్దె సర్వరే నయం.