టీజరా, ట్రైలరా: కథ ఎక్కడ కారిపోతుంది?

టీజర్ నిమిషం, నిమిషంన్నర. చాలాసార్లు షూటింగ్ నడుస్తుండగానే కట్ చేస్తారు కాబట్టి క్లైమాక్స్ చూపుదామన్నా చేతిలో ఉండదు. హీరో నడక, ఒక డైలాగు, నేపథ్య సంగీతం, అంతే.

ట్రైలర్ రెండు, రెండున్నర నిమిషాలు. విడుదలకు కొద్ది రోజుల ముందు వస్తుంది, అప్పటికి సినిమా మొత్తం ఎడిటర్ టేబుల్ మీదే ఉంటుంది. చిక్కంతా చివరి నలభై సెకన్లలో. సంగీతం ఊపందుకుని, షాట్లు అర సెకనుకొకటి మారేచోట ఇంటర్వెల్ ఫైటు, చివరి పోరాటం జరిగే చోటు దొర్లిపోతాయి.

సీమ కథలకు ఇది మరీ దెబ్బ. మొదట హైదరాబాదులో మెతక కుర్రాడు. వెంటనే కొండారెడ్డి బురుజు, తెల్లచొక్కా, సుమోల వరుస. ఇంకేం దాచినట్టు? కర్నూలు ప్రేక్షకుడు ఆ తెల్లచొక్కా చూడగానే ఫ్లాష్‌బ్యాక్ అల్లేస్తాడు. అయినా అదే పెడతారు, ఎందుకంటే ఖర్చంతా ఆ ఫైట్ల మీదే పెట్టారు, సినిమా హక్కులు కొనే బయ్యర్లకూ అదే కావాలి.

తెలివైన కట్‌లో షాట్లు ఎక్కువగా మొదటి సగం నుంచే తీస్తారు; ఒక సీన్ డైలాగును ఇంకో సీన్ బొమ్మ మీద వేసి దారి తప్పిస్తారు.

పెద్ద హీరో సినిమాకైతే టీజర్ చాలు, టికెట్ ఎలాగూ తెగుతుంది. కొత్త ముఖాల సినిమాకు మాత్రం ట్రైలరే నయం: కథేమిటో తెలియకుండా అనంతపురంలో సెకండ్ షోకు ఎవరొస్తారు? మలుపు ముందే తెలిసిపోకూడదనుకుంటే ట్రైలర్ చూడటం నిమిషం పావు దగ్గర ఆపేయండి.