సమలంబ చతుర్భుజం బల్లలు, గోడ బోర్డులు: మా ప్రైమరీ బడి అనుభవం

మా బడిలో మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. డ్యూయల్ డెస్కులు (ఇద్దరేసి కూర్చునే, బెంచీతో కలిసిన బల్లలు) తీసేసి, ట్రెపీజియం, అంటే సమలంబ చతుర్భుజం ఆకారపు చిన్న బల్లలు, విడి స్టూళ్లు వేసి మూడేళ్లు దాటింది. ఎవరైనా వచ్చి బల్లలు ఎలా ఉన్నాయని అడిగితే ముందు గోడలు చూపిస్తాను.

నేల నుంచి పిల్లల చేతికి అందేంత ఎత్తు వరకు చుట్టూ గ్రీన్ బోర్డు పెయింట్ వేయించాం. ఒక్కో గుంపుకి కొంత గోడ. నలుగురు కలిసి భాగహారం చేస్తుంటే ఎక్కడ ఆగిపోయారో గది మధ్యలో నిలబడే చూడొచ్చు. నోట్‌బుక్కులో అయితే ఆ తప్పు సాయంత్రం దిద్దేటప్పుడు గానీ కనపడదు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ బడుల్లో ఇలా గుంపులుగా నేర్పడం ఎప్పటినుంచో ఉంది. ఒక గుంపుకి టీచర్ దగ్గరుండి చెబుతుంటే, ఇంకో గుంపు తోటి పిల్లల సాయంతోనో సొంతంగానో పని చేసుకుంటుంది. ఆ పద్ధతినే 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు తీసుకున్నాయి.

ఇక బల్లలు. మూడు అంచులు సమానం, నాలుగోది రెట్టింపు. పొడవు అంచులు కలిపి రెండు బల్లలు జత చేస్తే షడ్భుజి అవుతుంది, చుట్టూ ఆరుగురు పడతారు. చూడ్డానికి బాగుంటుంది కానీ ఆరుగురిలో ఇద్దరు ఊరికే చూస్తూ కూర్చుంటారు. నలుగురైతే అందరి చేతులూ కదులుతాయి. అందుకే మేం ఎక్కువగా ఒక్కో బల్లకి ముగ్గురు, నలుగురినే కూర్చోబెడతాం.

బరువు తప్పకుండా చూసుకోండి. ఇద్దరు పిల్లలు ఎత్తి జరపలేని బల్ల వారం తిరక్కుండానే ఒకచోట పాతుకుపోతుంది. చక్రాలున్నవి వద్దు, రాసేటప్పుడు జారతాయి. కాళ్ల రబ్బరు బుష్‌లు ఏడాదికే అరిగిపోయి టైల్స్ మీద చెవులు పగిలే చప్పుడు చేశాయి. అంచుల పట్టీలు ఊడితే సరఫరా చేసినవాళ్లు ఫోన్ కూడా ఎత్తలేదు, మా ఊరి వడ్రంగే అతికించాడు. సంచులకు విడిగా ర్యాక్ లేకపోతే మాత్రం ఏ బల్లా కదలదు.

పరీక్షలకు, చూచిరాతకు డ్యూయల్ డెస్కే నయం, అందులో సందేహం లేదు. డబ్బు తక్కువుంటే ముందు గోడలకు పెయింట్, నాలుగు మంచి చాపలు, ఒక ర్యాక్ కొనండి. బల్లలు తర్వాతి ఏడాది చూసుకోవచ్చు.