తుమ్మ చేవ, తుమ్మ బంక: కాకినాడ – తాళ్లరేవు దారిలో

ఈ దారికి బస కాకినాడలోనే మేలు. గదులకు ఎంపిక ఎక్కువ, యానాం వైపు వెళ్లే బస్సులు కోరంగి, తాళ్లరేవు మీదుగానే పోతాయి. దిండి రిసార్టులు హాయిగా ఉంటాయి గానీ, అక్కడి నుంచి వస్తే సగం పూట ప్రయాణానికే సరి.

ముందు తాళ్లరేవు. చెక్క పడవలు కట్టే చోటు. పొద్దున్నే వెళ్లి, మేస్త్రీని అడిగి లోపలికి అడుగుపెట్టండి. పడవ లోపలి వంపు కర్రలకు సహజంగా వంగిన తుమ్మ కొమ్మ ఎందుకు మంచిదో దుంగను చూస్తే తెలుస్తుంది: నార వంపు వెంటే సాగుతుంది, తిన్నని దుంగను వంపుగా కోస్తే నార తెగి అక్కడే విరుగుతుంది. ఎర్రటి చేవే పనికొచ్చేది. పైనున్న తెల్లచెక్కను పురుగు తినేస్తుంది. పచ్చి దుంగను ఎండలో పడేస్తే కొసలు పగులుతాయి, కాబట్టి నీడలో నిదానంగా ఆరాలి. ఇక్కడ తుమ్మంటే నల్లతుమ్మ. సర్కారు తుమ్మను నల్లతుమ్మగా పొరబడకండి. నల్లతుమ్మ పూలు పసుప్పచ్చని గుండ్రటి బంతులు, కాయ గింజగింజకూ నొక్కినట్టుంటుంది. సర్కారు తుమ్మ పూలు పొడవాటి కంకులు.

బంక చూడాలంటే మార్చి నుంచి మే వరకు, పొలం గట్ల మీద, రైతు అనుమతితో. బెరడుకు గాటు పడ్డచోట కారి గడ్డకడుతుంది. వాన తగిలితే కరిగిపోతుంది. అమెరికా ఖండపు లోకస్ట్ చెట్టుదీ (హైమెనియా) మన తుమ్మ కుటుంబమే, కానీ అది ఇచ్చేది నీళ్లలో కరగని కోపల్ అనే రెజిన్, అంటే గుగ్గిలం లాంటిది. కొనేముందు ఒక ముక్కను రాత్రంతా నీళ్లలో వేసి చూడండి: బంకైతే జిగురవుతుంది, గుగ్గిలమైతే అలాగే ఉంటుంది. చెరువుల కోసం గట్లు తవ్వినప్పుడు ముందు పోయేవి ఈ పాత తుమ్మలే, అది బాధాకరం.

కోరంగి మడ అడవికి పోటు, పాటు వేళలు ముందే కనుక్కోండి. పాటులో చెక్కల దారి మీద నడిస్తే మడ ఊపిరి వేళ్లు బురద పైకి కనబడతాయి, పడవ షికారుకేమో పోటు కావాలి. తిల్ల కొమ్మ మాత్రం విరవకండి, దాని పాలు కంట్లో పడితే చూపు కొంతకాలం పోవచ్చు. పడితే వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి, ఆలస్యం చేయకుండా కాకినాడలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.