వాకింగ్ ఫుట్: తిన్నని గీతలకు భేష్, పూలకు దండగ

క్విల్ట్ (పొరల దుప్పటి) అంటే పై గుడ్డ, మధ్యలో బ్యాటింగ్ (దూది లాంటి మెత్తటి పొర), కింద అస్తరు. కుట్టు మెషిన్‌లో గుడ్డను నొక్కిపట్టే మామూలు ఫుట్‌తో ఈ మూడూ కలిసి కదలవు: కింద గుడ్డను జరిపే మెషిన్ పళ్లు అస్తరును లాగేస్తాయి, పై గుడ్డ వెనకబడి ముడత పడుతుంది. వాకింగ్ ఫుట్‌కు పైన కూడా పళ్లుంటాయి, ఆ బెడద చాలావరకు పోతుంది. బిగించేటప్పుడు పక్కనున్న చీలిక చెయ్యి సూది స్క్రూ మీద కూర్చోవాలి. తప్పితే పై పళ్లు కదలనే కదలవు, ఫుట్టే పాడైందనుకుంటాం. 90/14 సైజు సూది, 3 మి.మీ. పొడవు కుట్టు సరిపోతాయి. టకటక చప్పుడు మాత్రం భరించాల్సిందే. కొనేముందు మీ మెషిన్‌ది ‘లో షాంక్’ రకమా, ‘హై షాంక్’ రకమా (ఫుట్ బిగించే స్క్రూ ఎత్తు తక్కువా, ఎక్కువా) చూసుకోండి. తీగలు, పూలు కుట్టాలంటే డార్నింగ్ ఫుట్ (గుడ్డను ఎటైనా జరపనిచ్చేది) వేసి మెషిన్ పళ్లు దించుకోవాలి.