రోగి శరీరంలో పెట్టేముందు మూలకణాలకు ఏది మేలు: ఆక్సిజన్ తగ్గించి అలవాటు చేయడమా, గ్లూకోజ్ వెంట ఇచ్చి పంపడమా?

ఎముక మజ్జ నుంచి తీసిన మీసెంకైమల్ మూలకణాలను (ఎముక, మృదులాస్థి వంటివిగా మారగల కణాలు) స్కాఫోల్డ్‌లో, అంటే కణాలకు ఆధారమిచ్చే రంధ్రాల చట్రంలో నింపి, ఎముక అతుక్కోని చోట పెడితే చాలావరకు కొద్దిరోజుల్లోనే చచ్చిపోతాయి. రక్తనాళం నుంచి ఆక్సిజన్ 100–200 మైక్రాన్ల దూరమే అందుతుంది. స్కాఫోల్డ్ మందం మిల్లీమీటర్లలో ఉంటుంది, నడిమి దాకా కొత్త నాళాలు పాకడానికి రోజులు పడుతుంది.

మొదటి పద్ధతిలో, కణాలను ముందే తక్కువ ఆక్సిజన్‌కు అలవాటు చేస్తారు. మామూలు ఇంక్యుబేటర్‌లో ఆక్సిజన్ 18–20 శాతం, మజ్జలో 1–7 శాతమే. నైట్రోజన్ ఎక్కించే ఇంక్యుబేటర్‌లో 1–3 శాతం దగ్గర 24–48 గంటలు ఉంచితే ఆక్సిజన్ కొరతకు కణాన్ని సిద్ధం చేసే హిఫ్-1 ఆల్ఫా ప్రోటీన్ విరిగిపోకుండా నిలుస్తుంది. అది గ్లూకోజ్‌ను లోపలికి తెచ్చే గ్లట్-1 ప్రోటీన్‌ను పెంచుతుంది, పీడీకే-1 అనే ఎంజైమ్ ద్వారా పైరువేట్ (గ్లూకోజ్ విరిగితే వచ్చేది) మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో మండకుండా అడ్డుపడుతుంది. అలా కణం గ్లైకాలిసిస్‌కు, అంటే ఆక్సిజన్ లేకుండా గ్లూకోజ్‌ను విరిచి శక్తి తీసుకోవడానికి మళ్లుతుంది. చెడేది ఎక్కువగా మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) మార్చేటప్పుడే. ఆక్సిజన్ తగిలితే హిఫ్-1 ఆల్ఫా నిమిషాల్లో కరిగిపోతుంది. అందుకే కొత్త మీడియంను ముందురోజు రాత్రే మూత వదులుచేసి అదే ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. కోబాల్ట్ క్లోరైడ్‌తో ఇదే ప్రభావం తెప్పించే అడ్డదారి ఉంది గానీ, కోబాల్ట్ విషం. రోగికిచ్చే కణాలకు అది వద్దు.

రెండోది చద్దిమూట పద్ధతి: కణాల వెంటే గ్లూకోజ్ పంపడం. ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజ్ అణువుకు కణం శక్తిగా వాడే ఏటీపీ అణువులు 30 దాకా వస్తాయి, గ్లైకాలిసిస్ ఒక్కదానితోనే అయితే 2 మాత్రమే. అంటే ఊపిరాడని కణం గ్లూకోజ్‌ను ఎన్నో రెట్లు వేగంగా తినేస్తుంది. ఆక్సిజన్ 0.1 శాతానికి పడిపోయినా గ్లూకోజ్ ఉన్నంతకాలం ఈ కణాలు బతుకుతాయనీ, అది అయిపోయాకే చస్తాయనీ ప్రయోగశాలలో తేలింది. మొదటి పద్ధతికి అసలు లోటు ఇక్కడే: గ్లైకాలిసిస్‌కు ఎంత తర్ఫీదు ఇచ్చినా, పెట్టిన చోట గ్లూకోజ్ లేకపోతే లాభం లేదు.

అలాగని లీటరుకు 4.5 గ్రాముల గ్లూకోజ్ ఉన్న మీడియంను జెల్‌లో కలిపితే సరిపోదు. చిన్న అణువు కదా, త్వరగా బయటికి జారిపోతుంది. మరీ ఎక్కువ పోస్తే గాఢత పెరిగి కణంలోని నీటిని లాగేస్తుంది. ఇంతకన్నా నయం ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టించే ప్రోటీన్) జెల్‌లో స్టార్చ్, దాన్ని విరిచే అమైలోగ్లూకోసిడేజ్ ఎంజైమ్ కలపడం. స్టార్చ్ కదలదు, గ్లూకోజ్ కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. ఎంజైమ్ మోతాదు పెరిగితే మాత్రం నిల్వ ముందే అయిపోతుంది.

సూదితో పలచగా ఎక్కించే కణాలకు, చుట్టూ కొంతైనా రక్తప్రసరణ ఉంటే, మొదటి పద్ధతి చాలు. మందమైన స్కాఫోల్డ్‌కు ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే గ్లూకోజే. దానికి తోడు కణాల ఖర్చు తగ్గించాలంటే, పెట్టేముందు 48 గంటలు మీడియంలో సీరం (కణాల పెరుగుదలకు కలిపే రక్తద్రవం) ఆపి విభజన ఆగేలా చేయవచ్చు.

ఏది ఎంచుకున్నా ముందు 0.1 శాతం ఆక్సిజన్ పెట్టెలో 1, 3, 7 రోజుల్లో మీడియంలోని గ్లూకోజ్, లాక్టేట్ (గ్లైకాలిసిస్‌లో మిగిలే లాక్టిక్ ఆమ్లం రూపం) రెండూ కొలవండి. గ్లూకోజ్ మిగిలి ఉండగానే కణాలు చస్తుంటే పీహెచ్ (ఆమ్లత్వం) చూడండి. లాక్టిక్ ఆమ్లం పేరుకుని ఉండవచ్చు, అప్పుడు ఇంకా గ్లూకోజ్ పోస్తే పరిస్థితి ముదురుతుంది.