కోనసీమలో గోబర్ గ్యాస్: పదేళ్లకు పైగా వాడాక

అంబాజీపేట దగ్గర మా ఊళ్లో గోబర్ గ్యాస్ ఉన్న ఇళ్లు తక్కువ. "మన నేలలో గొయ్యి తవ్వితే నీళ్లే ఊరతాయి, అవన్నీ మెట్టవాళ్లకి" అనేవారు పెద్దలు. ఆ మాటలో నిజముంది. అందుకే కాలువలకు నీళ్లు ఆపేశాక, ఎండాకాలంలో ఊట దిగినప్పుడు తవ్వించాం. ధవళేశ్వరం బ్యారేజీలో మళ్లీ నీళ్లు వదిలేలోపే కట్టడం పూర్తయి, డోములో, అంటే భూమిలో కట్టే గుమ్మటం లాంటి గదిలో, పేడ నిండిపోవాలి. ఖాళీగా ఉంటే వానాకాలపు ఊట కింద నుంచి నెట్టి డోమును బీటలు వారుస్తుంది. మన డెల్టాలో కట్టించుకునేవారు ముందుగా చూసుకోవలసింది ఇదే.

మాది 1984లో వచ్చిన దీనబంధు రకం, 2 ఘనపు మీటర్లది. ఇటుక, సిమెంటుతో భూమిలోనే కడతారు. ఇనుప డ్రమ్ము ఉండదు కాబట్టి తుప్పు బాధ లేదు. రోజూ 50 కిలోల దాకా పేడ, అంతే నీళ్లు కావాలి. మా పశువుల పేడ దానికి సరిపోతోంది. దాంతో రోజుకు వచ్చే గ్యాసు సుమారు 900 గ్రాముల సిలిండర్ గ్యాసుకు సమానం. అన్నం, కూర, పాలు, టీ అన్నీ దీని మీదే. మంట నీలంగా వస్తుంది, గిన్నెకు మసి అంటదు. కొబ్బరి మట్టలు, డొక్కలు మంటపెట్టి వండిన మా అత్తయ్యగారికి అదొక్కటే చాలు. స్టవ్ మాత్రం దీనికని చేసిందే కొనాలి, మామూలుది పనికిరాదు.

పని ఉంటుంది. పొద్దున్నే తొట్టిలో పేడ చేత్తో పిసికి కలపాలి. గడ్డిపోచలు ఏరేయకపోతే లోపల పేడ మీద అట్ట కట్టి గ్యాసు పైకి రాదు. కొట్టం ఫినాయిల్‌తో కడిగిన నీళ్లు అందులోకి పోనివ్వకూడదు, గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులు చస్తాయి. మంట ఎగిరెగిరి పడుతుంటే గొట్టంలో నీరు చేరినట్టు. కింద ఉన్న చిన్న కుళాయి తిప్పి వదిలేస్తే సరి. ధనుర్మాసం చలికి గ్యాసు తగ్గుతుంది. సరిగ్గా అరిసెలు వండే రోజులవి, కనుక సిలిండర్ ఒకటి ఉంచుకోక తప్పదు.

నా మటుకు గ్యాసు కన్నా, గ్యాసు వచ్చేశాక బయటికొచ్చే పేడనీళ్లు, అంటే స్లర్రీయే పెద్ద లాభం. కొబ్బరి తోటలో పెంటకుప్ప ఉంటే కొమ్ముపురుగు అందులోనే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లలోంచి వచ్చిన పురుగు పెద్దదై మొవ్వును తొలిస్తే ఆకు విచ్చుకునేసరికి విసనకర్రలా కత్తిరించినట్టు కనిపిస్తుంది. పేడ రోజూ ప్లాంటులోకి పోతుంటే మా పెరట్లో ఇప్పుడు ఆ కుప్పే లేదు. స్లర్రీకి పచ్చిపేడ కంపు ఉండదు, ఈగలు మూగవు. పోగు వేయకుండా కొబ్బరి పాదుల్లో, అరటి మొదళ్లలో పలచగా పోస్తాం. గట్టి వానలకు స్లర్రీ చేరే గుంత పొంగి అది మురుగుకాలువలో కలవకుండా చుట్టూ గట్టు ఎత్తుగా వేయించాం, పైన కమ్మలు కప్పుతాం.

రెండు పశువులే ఉన్నవారు 1 ఘనపు మీటరుది కట్టించుకోండి. దానికి 25 కిలోల పేడ చాలు. పెద్దది కట్టించి సగం పేడే వేస్తే మంట ఒక పూటకే వస్తుంది, పెట్టిన డబ్బు మాత్రం రెండు పూటలకీ పెట్టినట్టవుతుంది. ఉద్యోగాల వల్ల పొద్దున్నే పేడ కలిపే మనిషి ఇంట్లో లేకపోతే అసలు వద్దు.