కడప పక్క ఫోను కొనేవాళ్లకు జాగ్రత్త: "ఫింగరూ ఉంది, ఫేసూ ఉంది" అన్న మాటకు డబ్బు కట్టొద్దు

కడప, ప్రొద్దుటూరు, యర్రగుంట్ల, జమ్మలమడుగు పక్క ఎవరైనా అమ్మానాయనలకు వేలిముద్రతోనో (ఫింగర్), ముఖంతోనో (ఫేస్) తాళం తెరుచుకునే ఫోను కొనబోతుంటే ఇది చదివి అంగడికి పోండి. ఆ ఫోను వాడేవాళ్లు బండల పనో, సిమెంటు పనో, సేద్యమో చేసి చేతులు అరిగినవాళ్లయితే తప్పకుండా చదవండి.

మా నాయన యర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల ఫ్యాక్టరీలో పాలిష్ మిషను మీద పని చేస్తాడు. పొద్దస్తమానం నీళ్లలో, రాతి బురదలో చేతులు. ఆయన బొటనవేలు వెలుతురుకు పెట్టి చూస్తే గీతలు కనబడవు, పాలిష్ చేసిన బండ మాదిరే నున్నగా ఉంటుంది. రేషన్ మిషను మీద వేలు పడక ఆయన పడే తిప్పలు ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే కడపలో ఒక ఫోన్ల అంగడికి పోయినప్పుడు మేం మొట్టమొదట అడిగిందే అది: "ఈయన వేలు పడుతుందా?"

"ఎందుకు పడదన్నా, ఇది ఇన్‌డిస్‌ప్లే ఫింగర్, తెర కిందే సెన్సార్, లేటెస్ట్" అని కౌంటర్లో పిల్లోడు డెమో ఫోన్లో తన వేలు పెట్టి టక్కున తెరిచి చూపించినాడు. నాయన వేలు కూడా పెట్టి చూపించమంటే, "డెమో పీసులో వేరేవాళ్ల వేళ్లు ఎక్కించం, మీ ఫోన్లో మేమే సెట్ చేసిస్తాం" అన్నాడు. 17 వేలు కట్టినాక సీల్ తీసి, ముందు టెంపర్ గ్లాసు అతికించి, ఆ తర్వాత వేలు ఎక్కించడం మొదలుపెట్టినారు.

వేలు ఎక్కేకొద్దీ తెర మీద నిండాల్సిన గుండ్రం సగం నిండుతుంది, ఆగిపోతుంది. "వేలు ఎత్తి మళ్లీ పెట్టండి." "సెన్సార్ శుభ్రం చేయండి." నాయన వేలు చొక్కాకు తుడుచుకుని మళ్లీ పెడతాడు, మళ్లీ అదే. చూపుడు వేలు, ఎడమ బొటనవేలు, ఏదీ పడలేదు. చివరికి "సెన్సార్ బాగానే ఉంది చూడండి" అని ఆ పిల్లోడు తన వేలే మా కొత్త ఫోన్లో ఎక్కించి తెరిచినాడు. "పెద్దాయనకు ఫేస్ పెట్టేస్తాలే, ఇంకా స్పీడు" అని ముఖం ఎక్కించి చేతికిచ్చినాడు. ఫోను మార్చమంటే బిల్లు మీద అచ్చువేసిన ముక్క చూపించినారు: సీల్ తీసిన సరుకు వాపసు లేదు.

ఇంటికొచ్చి సెట్టింగ్స్‌లో చూస్తే "ఫింగర్‌ప్రింట్ 1" అని ఒకటి అట్లే ఉంది. ఆ అంగడి పిల్లోడిది. వాడు పెట్టిన పిన్ 123456. ఆ రాత్రికే ఫోన్‌పే, బ్యాంకు యాప్ అన్నీ అందులో వేసుకునేవాళ్లం. ఇది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. మీరు ఏ అంగట్లో సెట్ చేయించుకున్నా సరే, బయటికి రాకముందే సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ తెరిచి, ఎన్ని వేళ్లు, ఎవరి ముఖం ఎక్కి ఉన్నాయో చూసి, మీవి కానివి తీసేసి, పిన్ మార్చండి.

ఇక ఆ ఫేస్ సంగతి. మా చిన్నాయనకు, నాయనకు పోలిక ఎక్కువ. చిన్నాయన ఫోను ఎత్తి టైము చూడబోతే లాక్ తెరుచుకుంది. ఇది ఆ ఒక్క ఫోను రోగం కాదు. ఈ ధర ఫోన్లలో ముఖాన్ని చూసేది మామూలు సెల్ఫీ కెమెరా ఒక్కటే. పోలిక ఉన్నవాళ్లకు తెరుచుకోవచ్చని సెట్ చేసేటప్పుడు చాలా ఫోన్లు సన్న అక్షరాల్లో చెబుతాయి కూడా, ఎవరూ చదవనీయకుండా అంగడివాళ్లే నొక్కేస్తారు. ఐఫోన్‌లో 2017 నుంచి వచ్చే ఫేస్ ఐడీ వేరు. అది కంటికి కనబడని 30 వేలకు పైగా చుక్కలు ముఖం మీద వేసి ఎత్తుపల్లాలు కొలుస్తుంది. వేరేవాళ్లకు పొరపాటున తెరుచుకునే అవకాశం పది లక్షల్లో ఒకటి అని ఆపిల్ చెబుతుంది. అక్కడా కవలలు, పోలికలున్న తోబుట్టువుల విషయంలో ఆ లెక్క మారుతుందని వాళ్లే అంటారు.

ఆండ్రాయిడ్‌లో ఈ తాళాలకు గూగుల్ మూడు తరగతులు పెట్టింది. దొంగ వేలు, ఫోటో లాంటివి పెట్టి పరీక్షించినప్పుడు నూటికి 7 సార్లకు మించి మోసపోకూడదు, అది అన్నిటికంటే గట్టిదైన 3వ తరగతి. 20 దాకా అయితే 2వది. అది కూడా దాటితే 1వది. బ్యాంకు యాప్‌లు మామూలుగా అడిగేది 3వ తరగతి. అందుకే నాయన ముఖంతో ఫోను తెరుచుకున్నా ఫోన్‌పే లాక్ తెరుచుకోదు, వేలో పిన్నో అడుగుతుంది. "తెల్లారి లేస్తూనే నంబరు అడుగుతాంది, చెడిపోయిందేమో" అని నాయన దిగులుపడినాడు. చెడిపోలేదు. కింది తరగతి తాళమైతే 4 గంటలు ఫోను ముట్టకుంటే పిన్ అడగాలన్నది రూలు. గట్టి వేలిముద్ర తాళమైనా 72 గంటలకోసారి అడుగుతుంది, ఫోను ఆపి వేసినా అడుగుతుంది. ఈ ముక్క అమ్మేటప్పుడు ఒక్కరూ చెప్పరు. పెద్దోళ్లు పిన్ మరిచిపోతే వేలు, ముఖం రెండూ ఉన్నా బయటే నిలబడాల్సి వస్తుంది.

సర్వీస్ సెంటర్‌కు పోతే గ్లాసు తీసేసి చూసినారు. గ్లాసు లేకుండా నాయన ఎడమ ఉంగరపు వేలు పట్టింది, ఎప్పుడో ఒకసారి తెరుచుకుంటుంది. మా ఫోన్లో ఉన్నది ఆప్టికల్ రకం. తెర వెలుగు వేలికి తగిలి వెనక్కి వస్తే కింద ఉన్న చిన్న కెమెరా దాన్ని ఫోటో తీస్తుంది. పైన మందం గ్లాసు వేసి, మధ్యలో గాలి చేరితే ఆ ఫోటో అలుక్కుపోతుంది. గీతలే అరిగిన వేలికి ఇంకేం కనబడుతుంది? ఎర్రటి ఎండలో బయట నిలబడి పెడితే అంతకంటే కష్టం. ఖరీదు ఫోన్లలో వచ్చే అల్ట్రాసోనిక్ రకం శబ్ద తరంగాలతో చూస్తుంది కాబట్టి కొంచెం తడి వేలైనా పడుతుంది. దానికీ గ్లాసు గండం ఉంది. 2019 అక్టోబరులో శాంసంగ్ ఎస్10 మీద ఒక రకం సిలికాన్ కవరు వేస్తే ఎవరి వేలికైనా తెరుచుకుంటోందని బయటపడి, కంపెనీ అప్‌డేట్ ఇచ్చి సరిచేయాల్సి వచ్చింది. పక్కన పవర్ బటన్ మీద సెన్సార్ ఉండే రకానికి తెర గ్లాసుతో పనే లేదు. దాని బాధ తడి చేయి.

కాబట్టి ఎవరు వాడతారో వాళ్లనే వెంటబెట్టుకుని పోండి, కుదిరితే పని దిగి వచ్చే వేళకు. డెమో ఫోన్లో వాళ్ల వేలు ఎక్కించి చూపించనంటే ఇంకో అంగడికి పోండి. గ్లాసు వేయించాల్సి వస్తే వేలు ఎక్కించకముందే వేయించండి. పాత గ్లాసు మారిస్తే వేలు తీసేసి మళ్లీ ఎక్కించండి. పనిలో తక్కువ అరిగే వేలు ఎంచుకుని అదే వేలిని రెండుసార్లు ఎక్కిస్తే కొంత నయం. "వేలు పడకుంటే మారుస్తాం" అని నోటితో చెప్పిన మాట బిల్లు మీద రాయించుకోండి.

ఆ రాత ఎందుకంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకుంటే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోననడం అనుచిత వ్యాపారమే. కానీ సర్వీస్ సెంటర్ మాకు "సెన్సార్‌లో లోపం లేదు" అని కాగితం రాసిచ్చింది. లోపం లేదంటే మన చేతిలో మిగిలేది అంగడివాళ్లు చెప్పిన మాటే. దానికి సాక్ష్యం కావాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించినాను. అంగడివాళ్లు దిగిరాకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాం. 5 లక్షల లోపు సరుకుకు అక్కడ ఫీజు లేదు.

ప్రస్తుతానికి ఫేస్ తీసేసినాం. నాయన ఆరంకెల పిన్ బాగానే నేర్చుకున్నాడు. బండల పని, కూలి పని చేసేవాళ్ల చేతికి పక్క బటన్ ఫింగర్ నిజంగా పడుతున్న ఫోను మీ ఇంట్లో ఉంటే మోడల్ పేరు, గ్లాసు ఉందా లేదా, ఎన్నాళ్లుగా వాడుతున్నారో కింద రాయండి. మా వీధిలోనే ఇంకో ఇద్దరు వచ్చే నెల కొనాలని చూస్తున్నారు.